తగ్గే కామెర్లు, తగ్గని కామెర్లు

(లాలాపేటలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను వెనకాడాను. నేను డాక్టరును కాను. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పత్రికల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. వచ్చిన పత్రికలకు నంబర్లు వేయడం, ఏడాది తిరగ్గానే బైండింగుకు పంపడం, తిరిగి వచ్చాక అల్మారాల్లో సర్దడం నా పని. అన్నేళ్ళ ఉద్యోగంలో అట్టలు చూశానే గాని లోపల చదవలేదని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. అందులో అబద్ధం లేదు. లోపల చదవడం రిటైరయ్యాకే మొదలుపెట్టాను. అందుకు కారణం మా బావగారు. కాబట్టి ముందు ఆయన సంగతి చెప్పి, తరువాత నేను చదివిన సంగతులు చెబుతాను.

మా బావగారిది ఉక్కులాంటి శరీరం. 66 ఏళ్ళ వయసులో కూడా రోజూ ఉదయం విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆర్ట్స్ కళాశాల దాకా నడిచి వచ్చేవారు. 2008 చివరలో ఆయనకు షుగరు బయటపడింది. వంశంలో ఎవరికీ లేదు. బరువు తగ్గారు. షుగరు వచ్చింది కదా, తిండి తగ్గించారు కదా, బరువు తగ్గకేం చేస్తుందనుకున్నాం. ఏడెనిమిది నెలల తరువాత ఒళ్ళంతా దురద మొదలైంది. కళ్ళు పచ్చబడ్డాయి. జ్వరం లేదు, నొప్పి లేదు. లేచి తిరుగుతున్నారు.

కామెర్లంటే మనకు తెలిసిన వైద్యం పసరు. ఊరి బయట ఒకాయన మంచి పసరు ఇస్తాడని ఎవరో చెబితే నేనే బావగారిని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. ఒకసారి కాదు, మూడుసార్లు. పళ్ళెంలో నీళ్ళు పోసి చేతులు కడిగించారు. నీళ్ళు పచ్చగా మారాయి. "చూశారా, దిగుతున్నాయి" అన్నారు. మేమూ చూశాం, నమ్మాం. ఉప్పూ కారం లేని పథ్యం పెట్టాం. ఇలా ఏడు వారాలు గడిచాయి. కామెర్లు దిగలేదు, మనిషి దిగిపోయాడు. అప్పుడు ఆసుపత్రికి వెళ్ళి స్కానింగు తీయిస్తే, క్లోమగ్రంథి తల భాగంలో గడ్డ ఉందనీ, పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుందనీ, తీసివేయడానికి వీలుకాదనీ చెప్పారు. పైత్యరసం దిగడానికి లోపల ఒక గొట్టం పెట్టారు. దురద తగ్గింది. ఏడు నెలలు ఉన్నారు.

"ఏడు వారాల ముందు వచ్చి ఉంటే?" అని అడిగాను. "అప్పుడు తీయగలిగేవాళ్ళమో లేదో ఇప్పుడు చెప్పలేను. చూసే అవకాశం మాత్రం ఉండేది" అన్నారు శస్త్రచికిత్స డాక్టరుగారు. ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే చదవడం మొదలుపెట్టాను. ఎవరినో నిందించడానికి నేను ఇక్కడ నిలబడలేదు. స్కూటరు నడిపింది నేను.

ఇక విషయంలోకి వస్తాను. కామెర్లనేది జబ్బు పేరు కాదు, ఒక గుర్తు. జ్వరం లాంటిదే. మన రక్తంలోని ఎర్రకణాలు దాదాపు 120 రోజులు బతికి చచ్చిపోతాయి. వాటి నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. కాలేయం దాన్ని పట్టి పైత్యరసంలో కలిపి ఒక నాళం ద్వారా పేగులోకి పంపుతుంది. మన మలానికి ఆ రంగు వచ్చేది దానివల్లనే. ఈ ఏర్పాటు ముఖ్యంగా రెండు చోట్ల చెడిపోవచ్చు. ఒకటి కార్ఖానాలో, అంటే కాలేయంలో. రెండోది గొట్టంలో, అంటే పైత్యరసం దిగే నాళంలో. రెండింటిలోనూ కళ్ళు పచ్చబడతాయి. చూసేవాడికి తేడా తెలియదు.

మన ఊళ్ళలో ఎక్కువగా వచ్చేది మొదటి రకం. మురికి నీటి వల్ల హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఇ అనే వైరస్‌లు వచ్చి కాలేయాన్ని వాపెక్కిస్తాయి. గర్భిణీలకు, అప్పటికే కాలేయం చెడినవారికి ఇవి ప్రమాదమే గాని, మిగతావారిలో చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. పసరుకు పేరు రావడంలోని రహస్యం ఇంతే. తగ్గిన పదిమంది ఊరంతా చెబుతారు. తగ్గని ఒక్కడు చెప్పడానికి ఉండడు.

రెండో రకంలో గొట్టం మూసుకుపోతుంది. అన్నిసార్లూ క్యాన్సరు వల్లనే కాదు. పిత్తాశయంలో తయారైన రాయి జారి అడ్డుపడటం తరచుగా జరుగుతుంది. అప్పుడు సాధారణంగా నొప్పి వస్తుంది, చలిజ్వరం కూడా రావచ్చు. నొప్పి లేకుండా, జ్వరం లేకుండా, పెద్ద వయసులో, రోజురోజుకూ పెరుగుతూ పోయే కామెర్లయితే ఎక్కువ అనుమానించాలి. క్లోమగ్రంథి తల భాగంలోంచే పైత్యనాళం పేగులోకి దిగుతుంది. అక్కడ చిన్న గడ్డ లేచినా నాళం నొక్కుకుపోతుంది. మలం సున్నంలా పాలిపోతుంది. మూత్రం చిక్కటి టీ డికాక్షన్‌లా వస్తుంది. ఒళ్ళు దురద పుడుతుంది. స్విట్జర్లండు శస్త్రచికిత్సకుడు కూర్వాజియే 1890లోనే ఒక మాట రాశారు. కామెర్లతోపాటు పిత్తాశయం ఉబ్బి చేతికి తగులుతుంటే, అది రాళ్ళ వల్ల వచ్చింది కాకపోవడానికే అవకాశం ఎక్కువని. స్కానింగులు లేని రోజుల్లో చేతి స్పర్శతో కనిపెట్టిన సంగతి అది.

ఈ విధంగా చూస్తే కామెర్లు ఒక రకంగా మేలు చేస్తాయి. క్లోమం పొట్టలో బాగా వెనక, వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది. దాని తోక భాగంలో గడ్డ లేస్తే చాలాకాలం ఏమీ తెలియదు. తల భాగంలో లేస్తే కామెర్లు గంట కొట్టి చెబుతాయి. ఆ గంట విని ఏడు వారాలు పసరు తాగడం మేము చేసిన పని.

ఈ గడ్డను తీసే ఆపరేషను చరిత్ర తెలుసుకోదగ్గది. జర్మనీలో కౌష్ అనే శస్త్రచికిత్సకుడు 1909లో ఇలాంటిది చేశారు. న్యూయార్కులో అలెన్ విపుల్ తన సహచరులతో కలిసి 1935లో యానల్స్ ఆఫ్ సర్జరీ అనే పత్రికలో ముగ్గురు రోగుల వివరాలు ప్రకటించారు. ముగ్గురంటే ముగ్గురే. అప్పట్లో రెండు విడతలుగా కోసేవారు. కామెర్లున్న మనిషిని కోస్తే రక్తం గడ్డకట్టేది కాదు. పైత్యరసం పేగులోకి రాకపోతే కొవ్వుతోపాటు విటమిన్ కె ఒంటికి పట్టదు, అది లేకపోతే రక్తం గడ్డకట్టదు. ఆ విటమినును కనిపెట్టినందుకు డామ్, డాయిజీ అనే శాస్త్రవేత్తలకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. అది మందుగా దొరికాక ఆపరేషను ఒకే విడతలో చేయడం సాధ్యమైంది. ఈనాటికీ దాన్ని విపుల్ ఆపరేషను అనే అంటారు. క్లోమం తల, దాన్ని చుట్టుకున్న చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పైత్యనాళంలో కొంత, ఒక్కోసారి జీర్ణాశయంలో కొంత తీసేసి, మిగిలిన క్లోమాన్ని, పైత్యనాళాన్ని, జీర్ణాశయాన్ని మళ్ళీ పేగుకు అతుకుతారు. మూడు అతుకులు. గంటల తరబడి సాగే పని.

ఇంత పెద్ద ఆపరేషను ఎక్కడ చేయించుకోవాలి? దీనికి ఒక పరిశోధన చక్కని జవాబు ఇచ్చింది. అమెరికాలో జాన్ బర్క్‌మేయర్ అనే శస్త్రచికిత్స పరిశోధకుడు, ఆయన సహచరులు 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. 1994 నుంచి 1999 వరకు అక్కడి ప్రభుత్వ బీమా కింద పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న వృద్ధుల లెక్కలు తీశారు. అంటే మనబోటి వయసువాళ్ళవే. క్లోమం ఆపరేషన్లు ఏడాదికి ఒకటి కూడా సరిగా చేయని ఆసుపత్రుల్లో నూటికి 16.3 మంది చనిపోయారు. ఏడాదికి 16 కంటే ఎక్కువ చేసే ఆసుపత్రుల్లో నూటికి 3.8 మంది. అదే ఆపరేషను, అదే వయసు. చేయి తిరిగినతనం, వెనకాల ఉండే నర్సులు, మత్తు డాక్టర్లు, ఐసీయూ, వీటన్నిటి తేడా అది. కాబట్టి "మీ దగ్గర ఈ ఆపరేషను ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని అడగడం మర్యాద తక్కువ పని కాదు. పిల్ల పెళ్ళికి వంటవాణ్ణి మాట్లాడేటప్పుడు ఎన్ని పెళ్ళిళ్ళు చేశావని అడగమా?

మరో ప్రశ్న. ఆపరేషనుకు ముందు కామెర్లు దించడానికి గొట్టం పెట్టాలా, అక్కర్లేదా? పెట్టడమే మంచిదని చాలాకాలం అనుకున్నారు. ముంబయిలో శస్త్రచికిత్సకుడు పి. జగన్నాథ్, ఆయన సహచరులు 2005లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో తమ అనుభవం రాశారు. గొట్టం ఏ చిక్కూ లేకుండా కూర్చుంటే దానివల్ల నష్టం పెరగలేదు, పైత్యరసంలో సూక్ష్మజీవులు చేరినవారికి మాత్రం ఆపరేషను తరువాత ఇబ్బందులు ఎక్కువయ్యాయని తేల్చారు. 2010లో నెదర్లాండ్సు వైద్యులు 202 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. కామెర్లు మరీ ముదరని రోగులు వీరు. నేరుగా ఆపరేషను చేసినవారిలో నూటికి 39 మందికి తీవ్రమైన చిక్కులు వచ్చాయి. ముందు గొట్టం పెట్టి, వారాలు ఆగి చేసినవారిలో నూటికి 74 మందికి వచ్చాయి. దీనర్థం గొట్టం ఎవరికీ పెట్టకూడదని కాదు. కామెర్లు మరీ ఎక్కువైనా, లోపల చీము పట్టినా, ఆపరేషను ఆలస్యమైనా పెట్టక తప్పదు. రోగి ఎంత త్వరగా వస్తే డాక్టరు చేతిలో అన్ని దారులు ఉంటాయి, అదీ నాకు అర్థమైంది.

నిజం దాచకుండా మరొకటి చెప్పాలి. క్లోమం క్యాన్సరు కనిపెట్టేసరికి నూటికి 15, 20 మందికి మాత్రమే ఆపరేషనుకు వీలుంటుంది. చేసిన తరువాత కూడా అది తిరగబెట్టవచ్చు. అయినా పరిస్థితి ఒకప్పటిలా లేదు. 2018లో ఫ్రాన్సు, కెనడా వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, ఆపరేషను తరువాత కొత్త మందుల కలయిక ఇచ్చినవారు మధ్యస్థంగా 54 నెలలు జీవించారు. పాత మందు ఇచ్చినవారు 35 నెలలు. ఒంట్లో సత్తువ ఉన్నవారినే అందులో చేర్చుకున్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి. నాళం పేగులో కలిసే ద్వారం దగ్గర లేచే గడ్డలైతే ఇంకా నయం. అవి త్వరగా కామెర్లు తెప్పిస్తాయి, త్వరగా దొరుకుతాయి. మన సభ్యులలో ఒకరి శ్రీమతిగారికి అలాగే దొరికింది. కళ్ళు పచ్చబడిన నాలుగో రోజునే స్కానింగుకు వెళ్ళారు. ఆవిడ ఇవాళ మూడో వరసలో కూర్చుని ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను.

ఇక షుగరు సంగతి. మా బావగారి షుగరు జబ్బుకు ముందు వచ్చింది కాదు, జబ్బు వల్లనే వచ్చిందేమోనని నాకు తరువాత తోచింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో సురేశ్ చారి అనే వైద్యుడు, సహచరులు 2005లో ఒక లెక్క ప్రకటించారు. 50 ఏళ్ళు దాటాక కొత్తగా షుగరు వచ్చిన 2122 మందిలో 18 మందికి మూడేళ్ళలోపు క్లోమం క్యాన్సరు బయటపడింది. అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. కాబట్టి షుగరున్న మిత్రులెవరూ ఇవాళ నిద్ర మానుకోవద్దు. కానీ వంశంలో లేని షుగరు 50 దాటాక కొత్తగా వచ్చి, దానితోపాటు కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, ఆ రెండు సంగతులూ కలిపి డాక్టరుకు చెప్పాలి. మేము విడివిడిగా చూశాం.

అదే చారిగారు అంతకుముందు మద్రాసు డాక్టరు వి. మోహన్ మొదలైనవారితో కలిసి 1994లో మరో వ్యాసం రాశారు. మన దక్షిణ దేశంలో కొందరికి చిన్న వయసులోనే క్లోమంలో రాళ్ళు తయారై, కడుపునొప్పి, షుగరు వస్తాయి. అలాంటి 185 మందిని సగటున నాలుగున్నర ఏళ్ళు గమనించారు. చనిపోయిన 24 మందిలో 6 మందికి క్లోమం క్యాన్సరు కారణం. మామూలు మనుషులతో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ రాళ్ళ జబ్బు ఎందుకొస్తుంది? కర్రపెండలం తినడం వల్లనని చాలాకాలం అనుమానించారు. దీనికి ఒక ముఖ్యమైన జవాబు మన ఇంటి పక్కనే దొరికింది. హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీద సి.సి.ఎం.బి. మీరందరూ చూసిందే. బస్సులో ఎన్నోసార్లు దాని ముందు నుంచి పోయి ఉంటారు. అక్కడి శాస్త్రవేత్త గిరిరాజ్ చందక్, డాక్టర్ లాల్జీ సింగ్, నగరంలోని డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి మొదలైనవారు 2002లో ఒక వ్యాసం ప్రచురించారు. క్లోమం తయారుచేసే ట్రిప్సిన్ మాంసాన్ని జీర్ణం చేయగల రసం. అది క్లోమంలోనే పనిచేయడం మొదలుపెడితే క్లోమాన్నే తినేస్తుంది. అలా కాకుండా స్పింక్1 అనే జన్యువు ఒక బ్రేకును తయారుచేస్తుంది. మన రోగులలో చాలామందికి ఆ బ్రేకు జన్యువులో మార్పు ఉందని వారు చూపారు. పాశ్చాత్య దేశాల్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బులో కనిపించిన ట్రిప్సిన్ జన్యువు మార్పు మనవాళ్ళలో కనిపించలేదు. పిల్లలకు పదేపదే పైకడుపులో నొప్పి వస్తుంటే గ్యాస్ అని తీసిపారేయకూడదని ఇందులో మనకున్న పాఠం.

క్లోమం గురించి చెప్పింది చాలు. కాలేయం క్యాన్సరు దగ్గరికి వస్తే కథ వేరు. క్లోమం విషయంలో మనం చేయగలిగింది త్వరగా కనిపెట్టడం. కాలేయం క్యాన్సరును చాలావరకు రాకుండానే ఆపవచ్చు. ఆ జ్ఞానంలో కొంత భాగం కూడా మన తార్నాకలోనే పుట్టింది.

విశ్వవిద్యాలయం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969లో ఈ పేరు పెట్టుకుంది. 1974 చివరలో గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలో, రాజస్థాన్‌లోని బాన్స్వారా జిల్లాలో గిరిజన గ్రామాల్లో కామెర్లు విజృంభించాయి. పొట్టలో నీరు చేరి మనుషులు చనిపోయారు. 397 మందికి జబ్బు చేస్తే 106 మంది పోయారు. వైరసేమో అనుకోవచ్చు. కానీ ఆ ఇళ్ళలో కుక్కలకు కూడా అదే జబ్బు వచ్చింది. మన సంస్థ నుంచి వెళ్ళిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ వి. భట్, వి. నాగరాజన్, టి.బి.జి. తిలక్ కారణం వెతికారు. అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న అక్కడివాళ్ళ తిండి. ఆ బూజు విడుదల చేసే అఫ్లటాక్సిన్ అనే విషం గింజల్లో విపరీతంగా ఉంది. 1975 మే నెలలో లండన్ నుంచి వచ్చే లాన్సెట్ పత్రికలో ఆ వ్యాసం అచ్చయింది. మనుషుల మీద ఆ విషం చూపే ప్రభావానికి సాక్ష్యంగా ప్రపంచమంతా ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తుంది.

అక్కడ జరిగింది ఒక్కసారిగా ఎక్కువ విషం తిన్నందువల్ల వచ్చిన ప్రమాదం. అదే విషం కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే కాలేయం క్యాన్సరు వస్తుంది. కాలేయం దాన్ని విరగ్గొట్టే ప్రయత్నంలో మరింత చురుకైన పదార్థంగా మారుస్తుంది. అది కణాల్లోని జన్యువులకు అతుక్కుని వాటిని చెడగొడుతుంది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1987లో దీన్ని మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వరుసలో చేర్చింది. వేయించినా, ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు. కాబట్టి బూజు పట్టిన వేరుశనగలు, మొక్కజొన్న, ఎండుకొబ్బరి పారేయండి. మనం పాతకాలం మనుషులం, పారేయడానికి చేయి రాదు. పైన తుడిచి పచ్చడిలో వేస్తాం. దయచేసి వేయకండి. చేదుగా ఉన్న పల్లీ నోట్లో పడితే మింగకుండా ఉమ్మేయండి.

రెండో కారణం హెపటైటిస్ బి వైరసు. ఇది నీళ్ళ వల్ల రాదు. రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు కాన్పు సమయంలో, కలుషితమైన సూదుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా వస్తుంది. కలిసి భోంచేస్తే రాదు, కాబట్టి ఆ జబ్బు ఉన్నవారికి విడిగా కంచం పెట్టే పని లేదు. పసితనంలో సోకితే చాలామందిలో జీవితాంతం కాలేయంలో నిలిచిపోతుంది. తరువాత కాలేయం గట్టిపడి, క్యాన్సరుకు దారి తీయవచ్చు. దీన్ని కనిపెట్టిన బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి ఇచ్చారు. షాంఘైలో 18 వేలమందికి పైగా పురుషులను గమనించి 1994లో ఇచ్చిన లెక్క ఒకటుంది. అఫ్లటాక్సిన్ ఒక్కటే ఉంటే కాలేయం క్యాన్సరు ముప్పు 3.4 రెట్లు, వైరసు ఒక్కటే ఉంటే 7.3 రెట్లు, రెండూ కలిస్తే 59 రెట్లు.

ఈ వైరసుకు టీకా ఉంది. దాని కథలో కూడా మన ప్రాంగణానికి పాత్ర ఉంది. కె.ఐ. వరప్రసాద్ రెడ్డిగారు 1993లో ప్రారంభించిన శాంతా బయోటెక్నిక్స్ మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ప్రయోగశాలలో, తరువాత సి.సి.ఎం.బి.లో పనిచేసి, 1997లో జన్యు విధానంలో తయారుచేసిన హెపటైటిస్ బి టీకాను విడుదల చేసింది. దేశంలో అలా తయారైన మొదటి టీకా అది. అంతవరకు విదేశాల నుంచి వచ్చే టీకా ధర మనబోటివాళ్ళకు అందేది కాదు. టీకాతో నిజంగా క్యాన్సరు తగ్గుతుందా అంటే, తైవానులో 1984లో పసిపిల్లలకు మొదలుపెట్టారు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో కాలేయం క్యాన్సరు లక్షకు 0.70 నుంచి 0.36కు, అంటే దాదాపు సగానికి తగ్గిందని 1997లో ప్రకటించారు. మన దేశంలో 2002లో కొన్నిచోట్ల మొదలైన ఈ టీకా 2011 నాటికి దేశమంతటా ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చేరింది. పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు, తరువాత 6, 10, 14 వారాలకు. మనవలు పుట్టినప్పుడు లడ్డూలు పంచే హడావిడిలో ఆ మొదటి మోతాదు పడిందో లేదో అడగవలసిన బాధ్యత మన తాతయ్యలది, నాయనమ్మలది, అమ్మమ్మలది.

మద్యం, హెపటైటిస్ సి, షుగరుతోనూ స్థూలకాయంతోనూ కాలేయంలో చేరే కొవ్వు, ఇవి మిగతా కారణాలు. ఏ కారణంగానైనా కాలేయం గట్టిపడినవారు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలని వైద్యులు చెబుతారు. ఎందుకంటే చిన్నగా ఉన్నప్పుడు దొరికితే చేయగలిగింది ఉంది. ఫ్రాన్సులో కూనో అనే ఆయన 1957లో కాలేయాన్ని ఎనిమిది భాగాలుగా, వేటి రక్తనాళాలు వాటికి ఉన్నట్టుగా చూపించారు. దాంతో కావలసిన భాగం మాత్రమే కోసి తీయడానికి దారి దొరికింది. మిగిలిన కాలేయం ఆరోగ్యంగా ఉంటే తిరిగి పెరుగుతుంది. మొత్తం గట్టిపడిన కాలేయమైతే అది కుదరదు. అలాంటివారికి మిలాను నగరంలో శస్త్రచికిత్సకుడు మజ్జఫెర్రో 1996లో మార్గం చూపారు. గడ్డ ఒక్కటే ఉండి 5 సెంటీమీటర్లు మించకపోతే, లేక మూడింటి వరకు ఉండి ఏదీ 3 సెంటీమీటర్లు మించకపోతే, కాలేయ మార్పిడి చేశారు. 48 మంది రోగులలో నాలుగేళ్ళకు నూటికి 75 మంది బతికి ఉన్నారు. ఆ కొలతలను ఈనాటికీ మిలాను కొలతలనే అంటారు. అంతా సెంటీమీటర్ల లెక్క. సెంటీమీటర్లు పెరిగేది వారాల్లో, నెలల్లో.

మిత్రులారా, ఇదంతా విని ఏ బాధా లేనివాళ్ళు కూడా రేపు పొద్దున్నే స్కానింగు సెంటరు ముందు బారులు తీరవద్దు. అలా అందరికీ తీయమని ఏ పరిశోధనా చెప్పలేదు. నేను అడిగేది కొద్దిపాటి. కళ్ళు పచ్చబడితే, నొప్పి లేకపోయినా, ఆ వారంలోనే డాక్టరును చూడండి. ఒక రక్తపరీక్ష, ఒక అల్ట్రాసౌండ్ చేయిస్తే తప్పు కార్ఖానాలో ఉందో గొట్టంలో ఉందో చాలావరకు తెలుస్తుంది. మలం రంగు, మూత్రం రంగు సిగ్గుపడకుండా చెప్పండి. కొత్త షుగరు, తగ్గే బరువు కలిపి చెప్పండి. పెద్ద ఆపరేషను అవసరమైతే ఎక్కువగా చేసేచోటికి వెళ్ళండి. హెపటైటిస్ బి ఉందో లేదో జీవితంలో ఒక్కసారైనా చూపించుకోండి. బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం గదా. అది ఇవ్వడానికి ఉండాలంటే ఇవి కూడా చేయాలి.

పసరు ఇచ్చేవారిని తిట్టవద్దు. వారి నమ్మకం వారిది. స్కానింగు తీయించి, గొట్టంలో అడ్డు లేదని తెలిశాక ఏం చేసుకుంటారో మీ డాక్టరును అడిగి చేసుకోండి. ముందు మాత్రం తెలుసుకోండి.

చివరిగా ఒక మాట. బావగారు పోయిన చాలా ఏళ్ళకు ఒక సాయంత్రం మా అక్కయ్యతో కూర్చుని ఉన్నాను. నేను చదివిన కాగితాలు ఆమెకు చెబుతున్నాను. అంతా విని, "డబ్బు లేక కాదురా తమ్ముడూ, ఆసుపత్రి దూరమై కాదు. నొప్పి లేదు కదా, భయం వేయలేదు" అంది. అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. నొప్పి లేని కామెర్లకు కొంచెం భయపడమని మీకు చెప్పడానికే ఇవాళ వచ్చాను.